డిగ్రీ విద్యార్థులకు టీమ్ క్విజ్: ప్రశ్నల తయారీ నుంచి ఫైనల్ దాకా మేం చేసిన పని

ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం అంటే మన డిగ్రీ కాలేజీల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. వ్యాసరచన, వక్తృత్వం, పోస్టర్లు, ఒక ముఖ్య అతిథి ఉపన్యాసం, భోజనాలయ్యాక ఓ గంట క్విజ్. ఆ గంటని పూర్తి రోజు కార్యక్రమం చేద్దాం, చుట్టుపక్కల కాలేజీలన్నిటినీ పిలుద్దాం అన్నారు మా ప్రిన్సిపల్ మేడమ్. నేను గోదావరి జిల్లాల్లో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను, క్విజ్‌లు నడపడం చాలాకాలంగా అలవాటు. ఇలాంటిది తలపెట్టే మిగతా లెక్చరర్లకి పనికొస్తుందని ఈసారి చేసినదంతా, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో కూడా కలిపి రాస్తున్నాను.

మన దగ్గర కాలేజీ క్విజ్ అంటే చాలావరకు బిట్ బ్యాంకే. గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో చదువుతున్న కుర్రాడు ఒక్కడుంటే ఆ టీమ్ గెలిచినట్టే. రూపాయి నోటు మీద సంతకం ఎవరిది అనగానే ప్రశ్న పూర్తికాకముందే ఆర్థిక శాఖ కార్యదర్శి అనేస్తాడు, పక్కనున్న ఇద్దరూ చప్పట్లు కొడతారు. పేరుకి టీమ్, ఆడేది ఒక్కడు. అతని కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ దానికి వేరే పరీక్షలున్నాయి. టీమ్ క్విజ్ అంటే ముగ్గురూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకోవాలి, ఒకరికి గుర్తొచ్చిన ముక్కకి ఇంకొకరు మరో ముక్క కలపాలి, అలా జవాబు దాకా రావాలి.

ఇలా ఆలోచించి చెప్పే క్విజ్ దేశంలో కొత్తేం కాదు. 1967లో కలకత్తాలో నీల్ ఒబ్రయన్ ఓపెన్ క్విజ్ (ఎవరైనా ఆడగలిగేది) మొదలుపెట్టారు, 1972 నుంచి హైదరాబాద్‌లో కె సర్కిల్ అనే క్విజ్ క్లబ్ ఉంది. అక్కడ ప్రశ్న వినగానే జవాబు తెలియకపోయినా, ప్రశ్నలో ఇచ్చిన ఆధారాలు పట్టుకుని కాసేపు తర్కించుకుంటే తేలుతుంది. బాధేమిటంటే ఆ తరహా దాదాపుగా ఇంగ్లిష్‌లో, నగరాల్లో, పెద్ద ఇంజినీరింగ్ కాలేజీల్లోనే ఉండిపోయింది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, రోజూ రెండు బస్సులు మారి డిగ్రీ కాలేజీకి వచ్చే పిల్లల దాకా అది రాలేదు. దాన్ని వాళ్ళ దాకా తేవడమే ఈ క్విజ్‌తో నేను చేయాలనుకున్న పని. మిగతా ఏర్పాట్లన్నీ దీని కోసమే.

టీమ్ ఎలా ఉండాలి

ముగ్గురు సభ్యులు, కాలేజీకి గరిష్ఠంగా రెండు టీమ్‌లు. ముగ్గురిలో కనీసం రెండు వేరువేరు మేజర్ సబ్జెక్టులు ఉండాలి, కనీసం ఒకరు మొదటి సంవత్సరం వాళ్ళై ఉండాలి. డిగ్రీలో మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి ఒక్కటే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చాక ఈ నిబంధన చెప్పడం తేలికైంది. పాత పద్ధతిలో ఎంపీసీ, ఎంపీసీఎస్ వేరు గ్రూపులా కాదా అని ఫోన్లమీద ఫోన్లు వచ్చేవి. మొదటి సంవత్సరం వాళ్ళు ఉండాలన్నదానికి కొన్ని కాలేజీల నుంచి అభ్యంతరం వచ్చింది, "వాళ్ళకింకా ఏం తెలుసు సార్" అని. పిల్లలు ఒక్కసారి స్టేజీ ఎక్కితే వచ్చే ఏడాది వాళ్ళే టీమ్ తయారుచేస్తారు, మూడో సంవత్సరం వాళ్ళనే పంపితే ప్రతి ఏడాదీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఈ మాట చెప్తే దాదాపు అందరూ ఒప్పుకున్నారు.

మా కాలేజీ పిల్లల్ని పోటీలో దింపలేదు. ప్రశ్నలు తయారుచేసేది మేమే అయినప్పుడు మా టీమ్ గెలిచినా నమ్మరు, ఓడినా బాగుండదు. వాళ్ళు చాలా నొచ్చుకున్నారు, అది సహజం. వారం ముందు వాళ్ళకి వేరే ప్రశ్నలతో, అదే నిబంధనలతో, అదే హాల్లో క్విజ్ పెట్టి బహుమతులిచ్చాం. అది మాకు రిహార్సల్ కూడా అయింది. ఒక ప్రశ్నని రెండు భాషల్లో చదివి, ఆరు టీమ్‌లు తిరిగి, జవాబు వివరించేసరికి ఎంతసేపు పడుతుందో అక్కడే తెలిసింది. దాదాపు మూడు నిమిషాలు. ఫైనల్‌కి ఎన్ని ప్రశ్నలు పెట్టాలో దాన్నిబట్టే లెక్క వేసుకున్నాం. ఆడిన పిల్లలే తర్వాత వాలంటీర్లయ్యారు కాబట్టి నిబంధనలు ఎవరికీ విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

కాలేజీలు ఆసక్తి చూపడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2024లో రిజర్వ్ బ్యాంక్ తన 90 ఏళ్ల సందర్భంగా డిగ్రీ విద్యార్థులకి దేశమంతా ఇద్దరేసి సభ్యుల టీమ్‌లతో క్విజ్ పెట్టింది. అప్పటినుంచి ప్రిన్సిపాళ్ళ దగ్గర క్విజ్ అనే మాటకి విలువ పెరిగింది. పిల్లలకి ఓడీ (ఆన్ డ్యూటీ హాజరు) ఇవ్వండి అంటే ఈసారి ఎవరూ కాదనలేదు.

ప్రశ్నల దగ్గరే అసలు పని

ఫిజిక్స్, ఎకనామిక్స్, హిస్టరీ, తెలుగు లెక్చరర్లు నలుగురు, నేను. ఒక్కటే నియమం పెట్టుకున్నాం: ప్రతి ప్రశ్నకీ జవాబు చేరడానికి కనీసం రెండు దారులుండాలి, ఆ రెండూ ఒకే సబ్జెక్టు నుంచి ఉండకూడదు. ఇది వినడానికి తేలిక, రాయడం కష్టం. కావాల్సినదానికి రెట్టింపు రాసుకుని సగం తీసేశాం.

ఒక ప్రశ్న ఎలా తయారైందో చూపిస్తాను. మొదట వచ్చిన రూపం ఇది: "హెట్రజాన్ మందును కనుగొన్న తెలుగు శాస్త్రవేత్త ఎవరు?" ఇది బిట్. తెలిస్తే తెలుస్తుంది, లేకపోతే లేదు, మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. దాన్ని తిప్పి తిప్పి చివరికి ఇలా చేశాం: "బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే మాత్రల్లో ఒకటి 1940లలో అమెరికాలోని ఒక మందుల కంపెనీ పరిశోధనశాలలో రూపుదిద్దుకుంది. ఆ పరిశోధనలకు నాయకత్వం వహించినాయన అంతకుముందు హార్వర్డ్‌లో ఉండగా, మన కండరాలు శక్తిని ఎలా వాడుకుంటాయో తేల్చిన పరిశోధనలో ముఖ్య పాత్ర పోషించారు. పుట్టింది గోదావరి జిల్లాలోనే. ఎవరు?" ఇప్పుడు ఊళ్ళో డీఈసీ (హెట్రజాన్‌కే ఇంకో పేరు) మాత్ర మింగిన అనుభవం ఒక దారి, బయోకెమిస్ట్రీలో కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ పాఠం ఇంకో దారి, భీమవరంలో పుట్టిన పెద్దలెవరు అన్న స్థానిక జ్ఞానం మూడో దారి. జవాబు యల్లాప్రగడ సుబ్బారావు. ఇందులో ఏ ఒక్కదారీ విడిగా చాలదు, రెండు కలిస్తే చాలు.

ప్రశ్న పనికొస్తుందో లేదో చూడటానికి మేం చేసిన పరీక్ష చాలా మామూలుది. ఆ సబ్జెక్టుతో సంబంధం లేని లెక్చరర్‌కి చదివి వినిపించడం, నిమిషంలో వాళ్ళు ఎక్కడిదాకా వస్తారో చూడటం. జవాబు చెప్పక్కర్లేదు, "అబ్బా, ఇది నాకు తట్టాల్సింది" అన్నారంటే ప్రశ్న బాగున్నట్టు. "ఓహో, అలాగా" అని ఊరుకున్నారంటే తీసేయాల్సిందే. స్టాఫ్‌రూమ్‌లో మా తెలుగు మేడమ్ ఇలా కొట్టేసిన ఫిజిక్స్ ప్రశ్నలు ఎన్నో. ఫిజిక్స్ సార్ ఒక్కోదానికీ చాలా పోరాడేవారు, ఆ వాదనల్లోనే కొన్ని ప్రశ్నలు తిరిగి బతికాయి.

కాలంతో మారే జవాబులు ఉన్న ప్రశ్నలన్నీ పక్కన పెట్టాం. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ఇలాంటివి అడిగితే ఎవరి చేతిలో ఏ ఏడాది గైడు ఉందో దాన్నిబట్టి జవాబు వస్తుంది. శని గ్రహానికి ఎన్ని ఉపగ్రహాలు అన్నది ఇంకా ప్రమాదం, 2025 మార్చిలో ఒక్కసారే 128 కొత్తవి గుర్తించడంతో మొత్తం 274కి చేరింది, పాఠ్యపుస్తకాల్లో ఇంకా పాత లెక్కే ఉంటుంది. "మొట్టమొదటి", "అతి పొడవైన", "అతి పెద్ద" అనే మాటలున్న ప్రశ్న కనిపిస్తే రెండుసార్లు ఆలోచించండి. నైలు, అమెజాన్లలో ఏది పొడవు అన్నదే ఇంకా వాదనలో ఉంది. వాదన పెట్టుకోవాల్సింది టీమ్‌లోపల, క్విజ్‌మాస్టర్‌తో కాదు.

భాష విషయానికొస్తే, ప్రతి స్లైడు మీదా పైన తెలుగు, కింద ఇంగ్లిష్. ఒకదాన్నుంచి ఒకటి అనువదించకుండా రెండూ విడివిడిగా రాసుకున్నాం. సాంకేతిక పదాలు మాత్రం రెండుచోట్లా రెండూ పెట్టాం, ఎందుకంటే కిరణజన్య సంయోగక్రియ అంటేనే తెలిసిన పిల్లలున్నారు, ఫోటోసింథసిస్ అంటేనే తెలిసినవాళ్ళూ ఉన్నారు. జవాబు ఏ భాషలో చెప్పినా రాసినా సరే, స్పెల్లింగ్‌కి మార్కులు కోయం. ఇంటిపేరో, అసలు పేరో ఒక్కటి చాలు, అయితే దాంతో మనిషి ఎవరో తేలకపోతే "ఇంకొంచెం చెప్పండి" అని క్విజ్‌మాస్టర్ అడగవచ్చు. ఈ చివరి నియమం మా సెట్‌కి చాలా అవసరమైంది. యల్లాప్రగడ సుబ్బారావు ఒక ప్రశ్నకి జవాబు, రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా చేసిన దువ్వూరి సుబ్బారావు ఇంకో ప్రశ్నకి జవాబు.

ఆ రోజు

నలభైకి కాస్త అటూ ఇటూగా టీమ్‌లొచ్చాయి. రిపోర్టింగ్ పదింటికి, ప్రిలిమ్స్ పదిన్నరకి. తొమ్మిదిన్నర అని పెడితే ఏజెన్సీ వైపు నుంచి వచ్చేవాళ్ళు తెల్లారకముందే బయల్దేరాలి. సాయంత్రం నాలుగుకల్లా బహుమతులు కూడా ఇచ్చేసి పంపాలనీ ముందే అనుకున్నాం, ఆ తర్వాత కొన్ని ఊళ్ళకి బస్సు దొరకదు. ముఖ్య అతిథిగారికి ఈ సంగతి ముందే చెప్తే ఆయన సంతోషంగా పది నిమిషాల్లో ముగించారు. ఇది చాలామంది మొహమాటపడి చెప్పరు. చెప్పాలి.

ప్రిలిమ్స్ రాతపరీక్ష, 25 ప్రశ్నలు, అరగంట. మొబైల్స్ కవర్లో పెట్టి టీమ్ పేరు రాసి ముందు టేబుల్ మీద ఉంచాం. అయిదు ప్రశ్నలకి నక్షత్రం గుర్తు, మార్కులు సమానమైతే నక్షత్రాలు ఎక్కువ వచ్చినవాళ్ళు పైన. ఆరో స్థానానికి రెండు టీమ్‌లు అలా కూడా సమానమయ్యాయి, అందరి ముందూ సడన్ డెత్ ప్రశ్నలతో, అంటే ఒక్కో ప్రశ్న అడుగుతూ ముందు తేడా వచ్చిన చోట ఆపి, తేల్చాం. పేపర్లు ఇద్దరేసి విడిగా దిద్దారు. దిద్దుతున్నంతసేపూ హాల్లో నేను జవాబులన్నీ ఒక్కొక్కటిగా తెరమీద వివరించాను. ఫైనల్‌కి వెళ్ళేది ఆరు టీమ్‌లే, మిగతావాళ్ళకి ఆ రోజు నేర్చుకునే సమయం ఇదే. జవాబు కనపడగానే "చెప్పానా" అంటూ టీమ్‌లోనే ఒకర్నొకరు పొడుచుకోవడం, ఒకడు చెప్తే మిగతా ఇద్దరూ కొట్టేసి వేరేది రాశారని గొడవ... ఇదంతా చూస్తుంటే చాలా సంతోషమనిపించింది.

ఫైనల్ నిబంధనలు

పాత పద్ధతి అందరికీ తెలిసిందే, ప్రతి టీమ్‌కీ తన వంతు ప్రశ్న, తెలియకపోతే పక్క టీమ్‌కి పాస్. ఇందులో కూర్చున్న చోటుని బట్టి అదృష్టం మారిపోతుంది. 24 ప్రశ్నలు, 6 టీమ్‌లు అనుకుందాం, ఒక్కో టీమ్‌కి 4 వస్తాయి. రెండో టీమ్ బలహీనంగా ఉంటే దాని నాలుగు ప్రశ్నల్లో చాలావరకు పాసై మొదట మూడో టీమ్ చేతికే వెళ్తాయి. అంటే మూడో టీమ్ ఏ కష్టమూ లేకుండా దాదాపు 8 ప్రశ్నలకి మొదటి అవకాశం పొందుతుంది. బలమైన టీమ్ పక్కన కూర్చున్నవాళ్ళకి నాలుగే.

అందుకని ఇన్ఫినిట్ బౌన్స్ పెట్టాం. బౌన్స్ అంటే ఒక టీమ్ చెప్పలేని ప్రశ్న తర్వాతి టీమ్‌కి వెళ్ళడం. జవాబు ఏ టీమ్ చెప్తే దాని తర్వాతి టీమ్ దగ్గర కొత్త ప్రశ్న మొదలవుతుంది. మూడో టీమ్ బౌన్స్‌లో చెప్పిందంటే కొత్త ప్రశ్న నాలుగో టీమ్‌కి. ఎవరూ చెప్పలేకపోతే చక్రం పూర్తిగా తిరిగినట్టే కాబట్టి మొదట ఎవరిని అడిగామో మళ్ళీ వాళ్ళ దగ్గరే మొదలు. సగం ప్రశ్నలయ్యాక దిశ మారుస్తాం, ఎడమ నుంచి కుడికి వెళ్ళింది కుడి నుంచి ఎడమకి వస్తుంది. దీనికి తోడు పౌన్స్: వంతు రాకపోయినా జవాబు కచ్చితంగా తెలుసనుకున్న టీమ్ చీటీ మీద రాసి ఇవ్వవచ్చు, ఒప్పయితే 10, తప్పయితే మైనస్ 5, పౌన్స్ చేసినవాళ్ళకి ఆ ప్రశ్న మీద ఇక మాట్లాడే హక్కు ఉండదు.

బజర్ వద్దనుకున్నాం. బజర్‌లో వేళ్ళు వేగంగా ఉన్నవాళ్ళు గెలుస్తారు, మాట్లాడుకునేవాళ్ళు ఓడిపోతారు.

కొత్త నిబంధనలంటే పిల్లలకి టెన్షన్. మార్కులు లేకుండా రెండు ప్రశ్నలు ఉత్తినే ఆడించాం. "సార్, పౌన్స్ చేసి రాంగ్ అయితే మళ్ళీ బౌన్స్‌లో చెప్పొచ్చా?" అని ఒకమ్మాయి అడిగింది. "లేదమ్మా, చీటీ ఇచ్చాక ఆ ప్రశ్న నీకు అయిపోయినట్టే." "మరి మైనస్ పడుద్దా?" "పడుతుంది, అయిదు." వెంటనే ముగ్గురూ తల వంచి మాట్లాడుకుని, పౌన్స్ చీటీ ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకున్నారు. మొదటి సంవత్సరం పిల్లకి ఇచ్చారు. కారణం తర్వాత అడిగితే, "తను తొందరపడదు సార్" అన్నారు.

పౌన్స్‌లో వచ్చే తగాదా ఒక్కటే, వేరేవాళ్ళ మాట విని రాశారని. దానికి మందు చీటీల సేకరణే. నేను "పౌన్స్ క్లోజ్" అన్నాక వాలంటీర్లు చీటీలన్నీ తీసుకుని స్కోరర్ టేబుల్ మీద పెట్టేదాకా వంతు ఉన్న టీమ్ నోరు తెరవకూడదు. ఆ అరనిమిషం నిశ్శబ్దం ప్రేక్షకులకి కూడా నచ్చింది. స్కోరు ఎప్పటికప్పుడు పక్క తెరమీద కనిపిస్తూ ఉంది, ప్రొజెక్టర్‌కి, లాప్‌టాప్‌కి యూపీఎస్ పెట్టాం. మధ్యాహ్నం ఒకసారి కరెంటు పోయింది, ఆట ఆగలేదు.

రెండు ప్రశ్నల గురించి చెప్పి తీరాలి. మొదటిది, 2003 నుంచి 2013 దాకా వరుసగా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్లుగా ఉన్న ఇద్దరు ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారుల పేర్లు. ఒక టీమ్ రంగరాజన్, దువ్వూరి సుబ్బారావు అంది. ఎందుకలా అన్నారో అర్థమవుతుంది, సి. రంగరాజన్ రిజర్వ్ బ్యాంక్‌కీ గవర్నర్, తర్వాత మన రాష్ట్రానికీ గవర్నర్. ఇలాంటప్పుడు క్విజ్‌మాస్టర్ "ఒకటి కరెక్ట్" అన్నాడంటే తర్వాతి టీమ్‌కి సగం జవాబు ఉచితంగా అందించినట్టే. "కాదు" అని మాత్రమే అనాలి, మొహంలో కూడా ఏమీ కనిపించకూడదు. రెండు జవాబులున్న ప్రశ్నకి బౌన్స్‌లో సగం మార్కులు ఇవ్వకూడదన్నది కూడా ఇందుకే. రెండు టీమ్‌ల తర్వాత వై.వి. రెడ్డి, సుబ్బారావు అని జవాబు వచ్చింది. "ఏ సుబ్బారావు?" అని అడిగాను. "దువ్వూరి సార్, ఇంకో ఆయన మందుల సుబ్బారావు కదా" అన్నాడు కుర్రాడు, అప్పటికి బోదకాలు ప్రశ్న అయిపోయింది.

ఆ బోదకాలు ప్రశ్న రెండోది. వంతు వచ్చిన టీమ్‌లో ఒకమ్మాయి బీఏ, ఒకమ్మాయి జువాలజీ, ఒకబ్బాయి బీకాం. బీఏ అమ్మాయి వాళ్ళమ్మ ఆశా కార్యకర్త, ఆ మాత్ర పేరు డీఈసీ అని వెంటనే చెప్పింది. దాంతో ఏమీ కదల్లేదు. జువాలజీ అమ్మాయి "కండరాల శక్తి అంటే ఏటీపీ" అని రెండుసార్లు గొణిగింది, అక్కడే ఆగిపోయింది. అప్పుడు బీకాం అబ్బాయి, అతనిది భీమవరం, "మా ఊళ్ళో పుట్టిన సైంటిస్టు ఒకాయన ఉన్నారు, అమెరికా వెళ్ళాడాయన, స్కూల్లో చెప్పారు" అన్నాడు. టైం అయిపోతుండగా ముగ్గురూ ఒకేసారి పేరు అన్నారు. ఆ ఒక్క ప్రశ్న అలా పండినందుకు నెలల పని నాకు సార్థకమనిపించింది.

ఎవరూ చెప్పలేనిదీ ఉంది. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి, ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా, తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా చేసిన సూరి భగవంతం గురించి. 1928లో ఇదే రోజున రామన్ ఫలితం బయటపడింది కాబట్టి ఆయన శిష్యుడైన తెలుగువాడి పేరు ఆ హాల్లో వినపడాలని కావాలనే ఉంచాం. ఫైనల్లో ఇలాంటివి రెండుకి మించకూడదు, వరుసగా అసలే రాకూడదు.

ప్రొటెస్టులు రాతపూర్వకంగా, ఒక్కో టీమ్‌కి ఒక్కసారే, బయటి కాలేజీల నుంచి వచ్చిన ఇద్దరు లెక్చరర్ల ముందుకి వెళ్తాయి. క్విజ్‌మాస్టర్‌కి అందులో ఓటు లేదు. ఒక్కటే వచ్చింది, జవాబుకి మరో పేరు కూడా సరైనదేనని. మా ఫైల్లో ప్రతి ప్రశ్న పక్కనా అది ఎక్కడినుంచి తీసుకున్నామో రాసి ఉంది కాబట్టి అయిదు నిమిషాల్లో తేలిపోయింది. పిల్లలు చెప్పింది సరైనదేనని మార్కులిచ్చారు.

ఖర్చులో పెద్ద భాగం భోజనాలు, తర్వాత బహుమతులు. మెమెంటోలు, శాలువాలు తగ్గించి ఆ డబ్బు బహుమతుల్లోకి మళ్ళించాం, నగదు ముగ్గురికీ సమానంగా విడివిడి కవర్లలో ఇచ్చాం. ఒకే కవరు ఇస్తే అది లీడర్ దగ్గరే ఉండిపోతుంది. గెలిచింది బోదకాలు టీమే, చివరి ప్రశ్న దాకా ఎవరు గెలుస్తారో తెలియలేదు. రెండో స్థానం ఒక మహిళా కాలేజీది, వాళ్ళు పౌన్స్‌లో ఒక్కసారి కూడా మైనస్ తెచ్చుకోలేదు.

మర్నాడే ప్రశ్నల ఫైలు, జవాబులు, వివరణలతో సహా వచ్చిన కాలేజీలన్నిటికీ పంపాం. వాటిని దాచుకుని మళ్ళీ వాడుకోవడం నాకిష్టం లేదు, ఒకసారి అడిగిన ప్రశ్న పిల్లల సొత్తు. వచ్చే ఏడాదికి ప్రశ్నల బృందంలో విద్యార్థుల్ని కూడా చేర్చుకున్నాం, ఫైనల్ ఆడిన మూడో సంవత్సరం వాళ్ళు ఇద్దరున్నారు, కోర్సు అయిపోయింది కాబట్టి వాళ్ళకి పోటీ పడే అర్హత లేదు. మొదటి ప్రశ్న ధవళేశ్వరం ఆనకట్ట మీద పంపారు. కాటన్ పేరు అడిగితే ఈ జిల్లాల్లో పసిపిల్లలు కూడా చెప్తారని, ఆయనకి కుడిభుజంగా పనిచేసిన వీణం వీరన్న పేరు రాబట్టాలని వాళ్ళ ఆలోచన. రెండో దారి ఇంకా దొరకలేదు, వెతుకుతున్నారు.